‘బోధించలేను’ అని రాసిన ఒకే ఒక్క ఫారం

కరోనా రావడానికి ముందటి సంవత్సరం, జూన్ నెలలో, నన్ను దివిసీమలో ఒక మండలానికి విద్యాశాఖాధికారిగా వేశారు. మండలం పేరు రాయడం లేదు. అక్కడి ఉపాధ్యాయులు చాలామంది ఇంకా సర్వీసులో ఉన్నారు. బందరు బస్టాండులో కనిపిస్తే ఇప్పటికీ ఆగి పలకరిస్తారు. ఆ మర్యాద పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

అంతకుముందు పెదపారుపూడి వైపు పదహారేళ్ళు లెక్కలు చెప్పాను. ఆ తర్వాత గుడివాడ దగ్గర ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా చేశాను. మండల విద్యాశాఖాధికారిని అందరూ ఎం.ఇ.ఓ. అంటారు. మండలంలోని ప్రభుత్వ బడులన్నీ ఆయన చేతిలో ఉంటాయని బయటివాళ్ళు అనుకుంటారు. నిజానికి ఆయన చేతిలో ఉండేవి ఒక గది, రెండు బీరువాలు, ఒక కంప్యూటరు. పై కార్యాలయం అడిగిన సమాచారాన్ని బడుల నుంచి తెప్పించి, కూడి, మళ్ళీ పైకి పంపడమే ఆయన అసలు పని. నేను లెక్కల మాస్టారిని కనుక కూడడం వరకు ఇబ్బంది పడలేదు.

ఆ ఏడాది చివర్లో ప్రభుత్వ బడులను ఇంగ్లీషు మీడియంలోకి మారుస్తారన్న మాట ఊపందుకుంది. పేపర్లలోనూ, టీ కొట్ల దగ్గరా, కోడూరు బస్సులోనూ అదే చర్చ. దీని మీద ఉపాధ్యాయుల వైఖరి ఏమిటని ఎవరైనా అడిగితే, ఎక్కడ అడుగుతున్నారని నేను ఎదురు అడిగేవాణ్ణి. ఎందుకంటే సంఘం మీటింగులో ఒక వైఖరి ఉండేది, స్టాఫ్ రూములో ఒకటి, ఇంట్లో ఇంకొకటి. మాతృభాష గొప్పతనం మీద ముప్పావుగంట మాట్లాడిన తెలుగు పండితుడు గారు, మీటింగు ముగియగానే కాన్వెంటు వ్యాను వచ్చే వేళయిందని పిల్లల కోసం పరుగెత్తేవారు. ఇంగ్లీషు మీడియం వచ్చి తీరాలని బల్ల గుద్దిన సైన్సు మాస్టారు, పై అధికారి ఎవరైనా ఫోన్లో ఇంగ్లీషు మొదలుపెడితే సిగ్నల్ లేదని పెట్టేసేవారు. ఇందులో నన్ను నేను మినహాయించుకోవడం లేదు. నేను జీవితమంతా లెక్కలు తెలుగులోనే చెప్పాను. మా పెద్దమ్మాయిని మాత్రం ఇంగ్లీషు మీడియంలో చదివించాను.

ఈ పరిస్థితిలో పై నుంచి ఒక ఫారం వచ్చింది. పేరు ఉపాధ్యాయ అభిప్రాయ సేకరణ పత్రం. ప్రతి ఉపాధ్యాయుడూ స్వేచ్ఛగా, నిర్భయంగా తన అభిప్రాయం తెలపాలని మొదటి పేరాలో ఉంది. మూడు రోజుల్లో నూటికి నూరు శాతం పూర్తి కాకపోతే తగు చర్య తీసుకోబడుతుందని రెండో పేరాలో ఉంది. ప్రశ్నలు అయిదు. ఇంగ్లీషు మీడియం మీకు సమ్మతమేనా? మీ సబ్జెక్టును ఇంగ్లీషులో బోధించగలరా? మీ బోధనానుభవం ఎన్నేళ్ళు? శిక్షణ అవసరమా? చివరిది, మీ అనుభవం నుంచి ఒక వాక్యం రాయండి.

మా శాఖలో ఒక అలవాటు ఉంది. ఏ ఫారం వచ్చినా టీచరు మొట్టమొదట అడిగేది “నమూనా ఉందా సార్?” అని. నమూనా అంటే పై వాళ్ళకు నచ్చేలా ఎవరో ఒకరు నింపి చూపించిన ఫారం. ఇది బద్ధకం వల్ల వచ్చిన అలవాటు కాదు. తప్పుగా నింపిన ఫారం తిరిగి వస్తుంది, దాన్ని సరిచేయడానికి మండల కేంద్రానికి రావాలి, ఒక పూట పాఠం పోతుంది. అందుకని నింపిన నమూనా వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఎం.ఇ.ఓ. మర్యాద. ఫారం వెళ్ళిన పావుగంటలో నాకు పదిహేడు మంది నుంచి ఒకే ప్రశ్న వచ్చింది.

నేను ఒక ఖాళీ ఫారం తీసుకుని నిలబడే నింపాను. సమ్మతమే, బోధించగలను, శిక్షణ అవసరం లేదు అని టిక్కులు పెట్టాను. అనుభవం దగ్గర ఇరవై ఆరు అని రాసి, పొరపాటని గుర్తొచ్చి, కొట్టేసి ఇరవై ఏడు చేసి, కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టాను. చివరి ప్రశ్నకు, “మా పెద్దమ్మాయి ఇంగ్లీషు మీడియంలో చదివి చక్కగా స్థిరపడింది” అని రాశాను. కాగితం పైభాగాన ‘నమూనా మాత్రమే, ఎవరి వివరాలు వారే రాయాలి’ అని పెద్ద అక్షరాలతో రాసి ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. ఆ పై వాక్యం ఫోటోలో పడలేదని నాకు తర్వాత తెలిసింది.

మూడో రోజు సాయంత్రానికి వందకు పైగా ఫారాలు వచ్చాయి. మా కార్యాలయంలో కంప్యూటరు పని చూసే లక్ష్మీకుమారి గారు ఒక్కొక్కటీ పోర్టల్లో ఎక్కిస్తూ, కాసేపటికి ఆగి, “సార్, మన మండలంలో అందరికీ పెద్దమ్మాయిలేనా?” అన్నారు.

నేను కట్ట తీసుకుని చూశాను. అంతకు ముందు ఏడే ఉద్యోగంలో చేరిన ఒక యువకుడు, ఇంకా సంబంధాలు చూస్తున్నారు, తన పెద్దమ్మాయి చక్కగా స్థిరపడిందని రాశాడు. ఇద్దరు మగపిల్లలున్న ఆవిడ కూడా అదే రాశారు. పైన చెప్పిన తెలుగు పండితుడు గారు తన సబ్జెక్టును, అంటే తెలుగును, ఇంగ్లీషులో బోధించగలనని టిక్కు పెట్టారు. అనుభవం మాత్రం కొందరు సొంతంగా రాశారు. తొమ్మిదేళ్ళ సర్వీసున్న ఒక టీచరమ్మ ముందు ఎనిమిది అని రాసి, కొట్టేసి, తొమ్మిది చేసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. ఫోన్ చేసి ఆ కొట్టివేత ఎందుకమ్మా అని అడిగాను. “నమూనాలో ఉంది గదండీ. లేకపోతే తిప్పి పంపుతారేమోనని” అన్నారు.

ఆ ఫారాలన్నీ తిప్పి పంపవలసింది. పంపలేదు. మర్నాడు సాయంత్రం టెలికాన్ఫరెన్సు ఉంది. ఏ మండలం ఎంత శాతమో చదువుతారు, చివర ఉన్నవాణ్ణి పేరుతో పిలిచి నిలదీస్తారు. పెళ్ళికాని కుర్రాడి పెద్దమ్మాయిని పోర్టలు ఏ అభ్యంతరమూ లేకుండా తీసుకుంది. తెలుగును ఇంగ్లీషులో చెప్పడాన్నీ తీసుకుంది. కట్ట మొత్తం మీద ఒక్క ఫారం దగ్గర ఆగి ఎర్రగీత చూపించింది.

ఆ ఫారం ఉమామహేశ్వరి గారిది. సముద్రం ఒడ్డున చేపలవేట మీద బతికే ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాలకు ఆవిడ ఏకైక టీచరు. యాభై దాటిన మనిషి, బందరు నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేవారు. తండ్రీ, తాతా కూడా బడిపంతుళ్ళే. సమ్మతమేనా అన్నదానికి ఆవిడ అవునని టిక్కు పెట్టారు. బోధించగలరా అన్నదానికి లేదని పెట్టారు. శిక్షణ కావాలని పెట్టారు. చివర గుండ్రటి అక్షరాలతో ఇలా రాశారు: “మా బడిలో ఇరవై ఒక్కమంది ఉన్నారు. ఇంగ్లీషు మీడియం కోసం ఒక్కొక్కరే కాన్వెంటుకు వెళ్ళిపోతున్నారు. నాకు ఇంగ్లీషులో పాఠం చెప్పడం రాదు. నేర్పిస్తే చెబుతాను.”

మొదటి ప్రశ్నకు అవునన్నవాళ్ళు రెండో ప్రశ్నకు లేదంటే పోర్టలు ఒప్పుకోదని లక్ష్మీకుమారి గారు వివరించారు. ఒక్క ఫారం ఆగితే మండలం నూరు శాతం కాదు. నేను పై కార్యాలయానికి ఫోన్ చేశాను. అక్కడ ఈ పని చూసే సూపరింటెండెంటు గారు ఓపిగ్గా విని, “ఆవిడకు ఇష్టమా, కాదా? ఇష్టమైతే వచ్చని రాయమనండి. రాకపోతే ఇష్టం లేదని రాయమనండి. రెండూ పెట్టుకుంటే ఎలాగండీ?” అన్నారు. ఆ క్షణంలో ఆ మాట నాకు సబబుగానే తోచింది. ఇరవై ఏడేళ్ళ సర్వీసు తర్వాత అలాంటివి సబబుగానే తోస్తాయి.

మర్నాడు పొద్దున్నే ఫారం జేబులో పెట్టుకుని బండి మీద బయలుదేరాను. ఇరవై కిలోమీటర్లు. సగం దూరం రొయ్యల చెరువుల మధ్య గట్టు మీద దారి. బడి తుఫాను షెల్టరు కింది భాగంలో ఉంది. నేను వెళ్ళేసరికి పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. గుమ్మం పక్కన ఖాళీ చేపల తట్ట దించుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పేరు నాంచారమ్మ. మనవరాలి టీసీ కోసం వచ్చింది, అంటే బడి మార్చుకోవడానికి ఇచ్చే కాగితం కోసం. పిల్లను మండల కేంద్రంలోని కాన్వెంటులో వేస్తుందట.

అప్పట్లో పిల్లల సంఖ్య ఇరవైకి తగ్గిన బడులను పక్క ఊరి బడిలో కలిపేస్తారన్న మాట గట్టిగా వినిపిస్తుండేది. పక్క ఊరి బడి మురుగు కాలువకు అవతల ఉంది. చిన్నపిల్లలు అంత దూరం నడవరు, మానేస్తారు. నాంచారమ్మ మనవరాలు వెళ్తే, వెనకే ఆమె తోటికోడలి మనవలిద్దరూ వెళ్తారని ఉమామహేశ్వరి గారు నాతో చెప్పారు. అప్పుడు పద్దెనిమిది. ఆవిడ ఇష్టం లేదని రాస్తే బడి తెలుగు మీడియం కోరుకున్న బడుల జాబితాలోకి పోతుంది, ఉన్నవాళ్ళు కూడా పోతారు. వచ్చని రాస్తే శిక్షణ ఇవ్వరు, రేపు పిల్లల ముందు నోరు పెగలదు. ఏ టిక్కు మార్చినా పోయేది ఆ బడే. ఇదంతా ఆవిడ ఎక్కాల మధ్యలో, గొంతు పెంచకుండా చెప్పారు.

నేను సూపరింటెండెంటు గారి మాటే అప్పజెప్పాను.

“ఇష్టమేనండీ. రాదండీ. రెండూ నిజమే” అన్నారావిడ.

పోర్టలు తీసుకోవడం లేదన్నాను.

“దానికిష్టం లేకపోతే నన్నేం చేయమంటారండీ?”

మిగతా అందరూ నమూనా ప్రకారమే ఇచ్చారని, ఆవిడ నమూనా చూడలేదా అని అడిగాను. అడిగిన మరుక్షణమే అడగకపోతే బాగుండేదనిపించింది.

“చూశానండీ. మీ అమ్మాయి స్థిరపడిందని ఉంది. సంతోషమండీ. కానీ అడిగింది నా సంగతి గదా” అని, “శిక్షణ అవసరం లేదని టిక్కు పెట్టారు గదండీ, ఏమనుకుని పెట్టారు?” అన్నారు.

నేను నిజమే చెప్పాను. ఏమీ అనుకోలేదు. గడి ఖాళీగా ఉంటే బాగుండదని పెట్టాను. ఆ మాట నా నోటి నుంచి నేనే విన్నప్పుడు సిగ్గు వేసింది. ఉద్యోగంలో మెమోలు తీసుకున్నప్పుడు కూడా నాకు అంత సిగ్గు వేయలేదు.

గుమ్మం దగ్గర నుంచి నాంచారమ్మ లేచి వచ్చింది. “ఏంది సారూ, మా టీచరమ్మని ఏదన్నా తప్పు పట్టారా?” అంది.

“నాకు ఇంగ్లీషులో చెప్పడం రాదని రాశాను నాంచారమ్మా. మార్చమంటున్నారు” అన్నారు ఉమామహేశ్వరి గారు. మనవరాలి టీసీ కోసం వచ్చిన మనిషితో చెప్పవలసిన మాటేనా అది అని నేను కంగారు పడ్డాను.

“రాదా నీకు?”

“రాదు. నేర్పితే నేర్చుకుని చెప్తాను.”

“కాన్వెంటులో వాళ్ళకి వచ్చు గదా మరి.”

“వచ్చో రాదో అడిగావా?”

నాంచారమ్మ ఆలోచించింది. ఆమె రోజూ చేపలు అమ్మే మనిషి. మొప్పలు ఎత్తి చూపించకుండా ఆమె దగ్గర ఎవరూ చేప కొనరు. తాను మాత్రం చూడకుండా కొనబోతున్నానని ఆమెకు అప్పుడే తట్టినట్టుంది. “అడిగొస్తా. అప్పటిదాకా ఆ కాయితం రాయమాక” అని తట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

నేను ఫారం మార్పించకుండానే తిరిగి వచ్చాను. సదరు ఉపాధ్యాయురాలు తన అభిప్రాయాన్ని మార్చుకోవడానికి నిరాకరించారని, ఫారాన్ని యథాతథంగా స్వీకరించవలసిందిగా ప్రార్థన అని ఒక లేఖ రాసి పంపాను. టెలికాన్ఫరెన్సులో మా మండలం చిట్టచివర నిలిచింది. నన్ను పేరుతో పిలిచారు. ఒక్క ఫారం సరిచేయించలేని అధికారి మండలాన్ని ఏం నడుపుతాడని అడిగారు. వారం తర్వాత, మా ఒక్కరి కోసం పోర్టల్లో ‘శిక్షణ కోరినవారు’ అని ఒక కొత్త గడి తెరిచి ఆ ఫారాన్ని అందులో వేసుకున్నారు. దాంతో మా మండలం నూరు శాతం అయింది.

అసలు తమాషా డిసెంబరులో మొదలైంది. ఇంగ్లీషు బోధన మీద అయిదు రోజుల శిక్షణ, అవసరాన్ని బట్టి మండలాల వారీగా జరపాలని ఉత్తర్వు వచ్చింది. మా మండలం అవసరం: ఒకరు. తక్కువ మంది ఉన్నారని రద్దు చేయరాదని, మార్గదర్శకాలన్నీ విధిగా పాటించాలని కింద గీత గీసి మరీ రాశారు.

పాటించాం. మండల రిసోర్స్ సెంటర్ హాల్లో నలభై కుర్చీలు వేయించాం, ఎందుకంటే మార్గదర్శకాల్లో నలభై అని ఉంది. బ్యానరు కట్టాం. వేదిక మీద నేను, గుడివాడ నుంచి వచ్చిన శిక్షకుడు ప్రసాదరావు గారు, పై కార్యాలయం పంపిన పరిశీలకుడు ముగ్గురం కూర్చున్నాం. ఎదురుగా మొదటి వరసలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ఉమామహేశ్వరి గారు ఒక్కరే. జ్యోతి వెలిగించాం. “ఈ సభకు విచ్చేసిన ఉపాధ్యాయినీ ఉపాధ్యాయ మిత్రులారా” అని నేను ప్రారంభోపన్యాసం చేశాను. రాసుకున్నది అలాగే ఉంది మరి. ఆవిడ చప్పట్లు కొట్టారు.

ప్రసాదరావు గారు నియమం తప్పని మనిషి. మాడ్యూలులో శిక్షణార్థులను అయిదు గ్రూపులుగా చేసి చర్చించాలని ఉంది. ఆయన ఉమామహేశ్వరి గారిని ఒకటో గ్రూపుగా కూర్చోబెట్టి చర్చించమన్నారు. పది నిమిషాలయ్యాక రెండో గ్రూపు కుర్చీలోకి మారమన్నారు. అయిదో గ్రూపు పూర్తయ్యాక ఒక్కో గ్రూపు నాయకురాలూ వచ్చి తమ గ్రూపు అభిప్రాయం చెప్పాలి. ఆవిడ అయిదుసార్లు లేచి చెప్పారు. మూడో గ్రూపు అభిప్రాయం రెండో గ్రూపు దానికి దగ్గరగా ఉందని ప్రసాదరావు గారు వ్యాఖ్యానించారు. హాజరు నూరు శాతమని పరిశీలకుడు రాసుకున్నారు.

రెండో రోజు నాలుగున్నరకు, బడులు వదిలాక, ఆ పెళ్ళికాని యువకుడు హాలు తలుపు దగ్గర నిలబడ్డాడు. వెనక కుర్చీల్లో కూర్చోవచ్చా అని అడిగాడు. హాజరు వేయలేనని చెప్పాను, ఎందుకంటే అతను శిక్షణ అవసరం లేదని సంతకం పెట్టి ఉన్నాడు. అక్కర్లేదన్నాడు. కూర్చున్నాక, “అప్పుడు నిజం రాద్దామనుకున్నా సార్, కానీ గ్రూపులో మీ నమూనా వచ్చేసింది” అన్నాడు. మూడో రోజు ఎనిమిది మంది వచ్చారు. నాలుగో రోజు తెలుగు పండితుడు గారు వచ్చి, తాను కేవలం చూసి పోవడానికి వచ్చానని అందరికీ విడివిడిగా చెప్పి, నోట్సు రాసుకున్నారు. ప్రసాదరావు గారు రాత్రి బస్సు దాకా ఉండి, పొద్దున ఒకరికి చెప్పిన పాఠాన్నే సాయంత్రం మళ్ళీ అందరికీ చెప్పారు. అయిదో రోజు కుర్చీలు చాలలేదు. రికార్డుల ప్రకారం మాత్రం ఆ హాల్లో శిక్షణ పొందింది ఒకరే.

చివరి రోజు ఉమామహేశ్వరి గారు ఒక నమూనా పాఠం చెప్పారు. జామకాయ కోసి సగం, పావు అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పారు. మధ్యలో రెండుసార్లు ఆగారు. ఆగినప్పుడు హాల్లో ఎవరూ నవ్వలేదు. అందరికీ మాట అక్కడే ఆగుతుందని వాళ్ళకు తెలుసు.

తర్వాతి వారం బడి తనిఖీకి వెళ్ళినప్పుడు నాంచారమ్మ కనిపించింది. కాన్వెంటుకు వెళ్ళి అడిగావా అన్నాను. వెళ్ళిందట. “ముగ్గుర్ని అడిగా సారూ. ముగ్గురూ వచ్చన్నారు. అయితే ఓ రెండు ముక్కలు మాట్లాడండమ్మా ఇంటా అంటే, ఆయాని పిలిచి నన్ను బయటికి పంపారు” అంది. మనవరాల్ని ఇక్కడే ఉంచుతుందట. “ఈవిడ రాదని చెప్పింది, నేర్చుకుంటానంది. నేర్చుకుందో లేదో రోజూ వచ్చి అడుగుతా. ఆ కాన్వెంటోళ్ళని ఏమడగను?” అంది. అడిగింది కూడా. ఆ బడికి తనిఖీ అధికారిని నేనే అయినా, అక్కడ రోజువారీ తనిఖీ ఆమెదే అయింది.

తర్వాత కరోనా వచ్చింది, బడులు మూశారు, తెరిచారు. మీడియం మీద ఉత్తర్వులు, వాటి మీద కేసులు, మళ్ళీ ఉత్తర్వులు నడిచాయి. నేను రిటైరయ్యేనాటికి ఆ బడి అక్కడే ఉంది, ఉమామహేశ్వరి గారూ అక్కడే ఉన్నారు, హాజరు పట్టీలో ఇరవై ఆరు పేర్లున్నాయి.

వచ్చు అని రాసిన కాగితంతో ఏ కార్యాలయమూ ఏమీ చేయలేదని ఆ ఏడాది నేను నేర్చుకున్నాను. అలాంటివి వందకు పైగా కట్టగట్టి బీరువాలో పెట్టాం, అవి ఇప్పటికీ అందులోనే ఉండాలి. కుర్చీలు వేసినా, గుడివాడ నుంచి మనిషి వచ్చినా, మండలం టీచర్లందరూ సాయంత్రాలు కూర్చుని పాఠం నేర్చుకున్నా, అదంతా రాదు అని రాసిన ఒక్క కాగితం వల్ల జరిగింది. దాన్ని మార్పించడానికి ఇరవై కిలోమీటర్లు బండి మీద వెళ్ళింది నేనే.